గప్పీ చేపలు: కొత్త తొట్టిలో పోషణ, పెంపకము

గ్రామ పంచాయతీ బాధ్యతలలో పారిశుద్ధ్యము ముఖ్యమైనది. పారిశుద్ధ్య కార్యములలో దోమల నివారణ అన్నిటికంటె ఎక్కువ ఓపిక కోరు పని. ఏటేట వానలు మొదలైన పిమ్మట గ్రామములలో జ్వరములు ప్రబలును. ఇంటిలో సంపాదించు మనిషి పదిదినములు మంచము పట్టినచో కూలి పోవును, మందుల ఖర్చు మీదపడును, నాట్లకును కలుపులకును అదను తప్పును. ఈ నష్టము ఏ పద్దులోను కానరాదు. అయినను గ్రామము యావత్తు దానిని భరించుచునే యున్నది.

ఎగురు దోమను పట్టుట కష్టము. నీటిలో నున్న దోమపిల్లను తినివేయు చిన్న చేపలను పెంచుట అంత కష్టము కాదు. ఇట్టి చేపలలో గప్పీ మిక్కిలి ప్రసిద్ధమైనది. కాని ఉత్సాహముతో చేపలను తెప్పించి, అప్పుడే నీరు నింపిన తొట్టిలో విడుచుట, వారము తిరుగకముందే అవి చచ్చి తేలుట, "మన నీరు వీనికి సరిపడలేదు" అని ప్రయత్నమును మానుకొనుట కద్దు. అట్టి సందర్భములలో లోపము చాలవరకు చేపలో గాని, ఊరి నీటిలో గాని లేదు. తొట్టిని సిద్ధము చేయుటలో నున్నది.

ఈ వ్యాసమున మేము రెండు సంగతులు చెప్పదలచితిమి. ఒకటి, కొత్త తొట్టిలో ఈ చేపలను నిలుపుకొని సంతతిని పెంచు విధానము. రెండవది, పెంచిన చేపలను ఎచట విడువవచ్చునో, ఎచట విడువరాదో తెలిసికొనుట. రెండవది మొదటిదానికంటె తక్కువ ముఖ్యమైనది కాదు.

దోమపిల్లలు, చేపలు

మలేరియాను వ్యాపింపజేయునది దోమయే యని తేల్చిన పరిశోధన మన సికింద్రాబాదులోనే జరిగినది. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఇందులకు ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించినది.

దోమ నిలువ నీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి పిల్లపురుగు వెలువడి, నీటిలోనే పెరిగి, సుమారు 8 నుండి 10 దినములలో రెక్కలు గల దోమయై ఎగిరిపోవును. నీళ్ల తొట్టిలో తలక్రిందులుగా వ్రేలాడుచు, నీడ పడగానే మెలికలు తిరుగుచు అడుగునకు పోవు పురుగులు ఇవియే. ఆ పదిదినములే వానిని సులభముగా నిర్మూలింపదగిన కాలము.

1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమును, 1958లో నిర్మూలన కార్యక్రమమును మన దేశమున ప్రారంభించిరి. 1965 నాటికి కేసుల సంఖ్య లక్షకు దిగినది. కాని దోమలు డి.డి.టి. వంటి మందులకు అలవాటుపడుటచేతను, ఇతర కారణములచేతను వ్యాధి తిరిగి విజృంభించి, 1976లో కేసులు 64 లక్షలు దాటినవి. ఒక్క ఆయుధమును నమ్ముకొనరాదని ఈ అనుభవము నేర్పినది. చేపలు అట్టి పలు ఆయుధములలో నొకటి మాత్రమే.

గప్పీ స్వభావము

గప్పీ మన దేశపు చేప కాదు. దాని జన్మస్థానము దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతము, దాని సమీపమున నున్న ట్రినిడాడు ద్వీపము. 19వ శతాబ్దమున ట్రినిడాడులో నివసించిన గప్పీ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు వీనిని లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు పంపెను. ఆయన పేరే చేపకు స్థిరపడినది. దీనికి చుట్టమైన గంబూసియా అను చేపను 1928లో మన దేశమునకు తెచ్చిరి.

మనకు తెలిసిన చేపలలో పెక్కు నీటిలో గ్రుడ్లు విడుచును. గప్పీ అట్లుగాక, గ్రుడ్లను కడుపులోనే పొదిగి, ఈదగల పిల్లలను ఈనును. ఆడచేప పెద్దది, బూడిద వన్నెది. అంగుళమున్నర నుండి రెండంగుళముల వరకు పెరుగును. మగచేప చిన్నది, తోకయందు పలు రంగులు గలది. పొట్టక్రింది వెనుక రెక్కను చూచినను తేడా తెలియును: ఆడదానికి అది విసనకఱ్ఱవలె వెడల్పుగాను, మగదానికి పుల్లవలె సన్నగాను ఉండును.

ఆడచేప సుమారు నాలుగు వారములకొకసారి ఈనును. ఈతకు 20 నుండి 40 పిల్లలు పుట్టుట సాధారణము. లేత చేపకు ఇంతకంటె తక్కువ, ముదురు చేపకు ఎక్కువ పుట్టవచ్చును. ఆ పిల్లలు రెండు మూడు నెలలలో మరల ఈనునంతటివగును. పెరిగిన గప్పీ దినమునకు 80 నుండి 100 వరకు దోమపిల్లలను తినగలదు.

మరియొక విశేషమును సభ్యులు గుర్తుంచుకొనవలెను. ఆడచేప ఒకసారి మగచేపతో కలసినచో ఆ బీజమును కడుపులో దాచుకొని, మగచేప లేకున్నను మరి కొన్ని ఈతలు ఈనగలదు. పెంపకమునకు ఇది గొప్ప వసతి. చేపలను విడుచునప్పుడు పొరపడినచో ఇదియే గొప్ప చిక్కు.

మొదట ఒక గాజు తొట్టి

మొదటనే పెద్ద తొట్టితో ప్రారంభింపక, ఒక చిన్న గాజు తొట్టితో పని నేర్చుకొనుట మేలు. పంచాయతీ కార్యాలయములో గాని, పాఠశాలలో గాని, శ్రద్ధగల సభ్యుని ఇంట గాని దీని నుంచవచ్చును. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్ల నీరు పట్టును. ఇంత నీటి బరువునకు కదలని గట్టి బల్ల కావలెను. సూర్యకిరణములు నేరుగా సోకని, వెలుతురు గల చోట దాని నుంచవలెను.

అడుగున బాగుగా కడిగిన ఇసుకరాళ్లు పరచవలెను. సబ్బుగాని సోడాగాని తగిలింపరాదు. నాచుమొక్కలు కొన్ని వేయవలెను. చెరువులలో విరివిగా పెరుగు హైడ్రిల్లా ఇందుకు చాలును. చెరువునుండి తెచ్చిన మొక్కలను పలుమార్లు కడిగి, ఆకుల నడుమ పరిశీలించి మరి వేయవలెను. వానితో తూనీగ పిల్లపురుగులు వచ్చిన అవి గప్పీ పిల్లలను పట్టి తినును.

కుళాయి నీరు వాడునప్పుడు జాగ్రత్త కావలెను. రక్షిత మంచినీటి పథకములలో కలుపు బ్లీచింగు పొడియందలి క్లోరిను మనుష్యులకు మేలుచేయును గాని చేపల మొప్పలను కాల్చివేయును. ఆ నీటిని వెడల్పు మూతిగల పాత్రలలో పోసి, ఎండ తగులునట్లుంచి, అప్పుడప్పుడు కలియబెట్టుచు కనీసము ఒకటి రెండు దినములు నిలువయుంచవలెను. గొట్టపు బావి నీటిని కూడ ఒకదినము గాలి తగులునట్లుంచి వాడుట మంచిది. నీరు కొంచెము కఠినమైనను భయములేదు. గప్పీకి ఉప్పదనము లేని మెత్తని నీటికంటె సున్నపు గుణము గల నీరే అనుకూలము.

నీరు తోడుకొనుట

అన్నిటికంటె ముఖ్యమైనదియు, సాధారణముగా ఎవరును చెప్పనిదియు ఈ సంగతి. కొత్త తొట్టిలోని నీరు కంటికి తేటగా కనిపించును. కాని అది చేపల నివాసమునకు ఇంకను సిద్ధము కాలేదు.

చేప విసర్జించు మలినములనుండియు, మిగిలిన మేత కుళ్లుటవలనను అమ్మోనియా అను విషపదార్థము పుట్టును. చెరువులో దీనిని సూక్ష్మజీవులు ఎప్పటికప్పుడు మార్చివేయును. ఒక జాతి జీవులు అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. వేరొక జాతి జీవులు దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు అంత హానికరము కాదు. మొక్కలు దానిని ఎరువుగా పీల్చుకొనును. కొత్త తొట్టిలో ఈ జీవులు లేవు. అవి రాళ్లమీద, మొక్కలమీద తగినంతగా పెరుగుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఈ లోపల ఎక్కువ చేపలను విడిచినచో అవి తమ మలినములతోనే చచ్చును.

పాలు పెరుగు కావలెనన్న తోడు వేసి ఆగవలెను గదా! తొట్టి సంగతియు అట్టిదే. ఆరోగ్యముగా నున్న పాత చేపల తొట్టినుండి గుప్పెడు రాళ్లుగాని, అందలి వడపోత స్పంజిగాని తెచ్చి వేసినచో అదియే తోడు. అట్టిది దొరకనిచో, నీరును మొక్కలును నింపి, దినమునకు చిటికెడు మేతపొడి వేయుచు రెండు మూడు వారములు చేపలు లేకుండనే ఉంచవలెను. తరువాత రెండు మూడు చేపలను మాత్రమే విడిచి, మరి మూడు నాలుగు వారములు గడిచిన పిదప తక్కినవానిని చేర్చవలెను. అమ్మోనియాను పరీక్షించు ద్రావకములు రంగు చేపల అంగళ్లలో దొరకును. ఒక సీసా కొనియుంచుకొన్నచో ఊహతో పనిలేదు.

చేపలు పైకి వచ్చి నోరు తెరచి గాలి మ్రింగుచున్నను, రెక్కలు ముడుచుకొని మూలనున్నను, మొప్పలు ఎర్రబారినను నీరు చెడినదని గ్రహింపవలెను. వెంటనే మేత ఆపి, మూడవవంతు నీటిని తీసి, నిలువయుంచిన నీటిని పోయవలెను. నీరంతయు ఒక్కసారి మార్చుట తప్పు. అట్లు చేసిన తొట్టిలోని పరిస్థితులు ఒక్కసారిగ మారి చేపలు తట్టుకొనలేవు.

చేపలను దింపుట, మేత

చేపలకై ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ద్వారా జిల్లా మలేరియా అధికారిని సంప్రదింపవలెను. చేపలను తెచ్చిన సంచిని విప్పకుండ తొట్టినీటిపై పావుగంట తేలనీయవలెను. రెండు నీళ్ల వేడిమి సమానమైన పిదప, సంచిలోనికి కొంచెము కొంచెముగా తొట్టినీటిని పోయుచు మరియొక అరగంట ఆగవలెను. అటుపిమ్మట చిన్న వలతో చేపలను మాత్రమే తొట్టిలోనికి దింపవలెను. సంచి నీటిని తొట్టిలో పోయరాదు. దానితో రోగములు రావచ్చును.

పైన చెప్పిన గాజు తొట్టికి రెండు మగచేపలు, నాలుగు ఆడచేపలు ఆరంభమునకు చాలును. మగవి ఎక్కువైనచో ఆడవానిని నిరంతరము తరుముచు అలయజేయును.

మేత విషయమున తక్కువ పెట్టుటవలన చచ్చు చేపలకంటె ఎక్కువ పెట్టుటవలన చచ్చునవే హెచ్చు. రెండు మూడు నిమిషములలో తినివేయునంతయే వేయవలెను. మెత్తగా దంచి జల్లించిన తవుడు, వేరుశనగ పిండిచెక్క పొడి సమపాళ్లలో కలిపి చిటికెడు చొప్పున దినమునకు రెండుమార్లు వేయవచ్చును. దోమపిల్లలు దొరికినచో అంతకు మించిన మేత లేదు. వారమునకొకసారి నాల్గవవంతు నీరు తీసి కొత్త నీరు పోయవలెను. స్పంజిని తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. కుళాయిక్రింద కడిగినచో తోడు పోవును.

పిల్లలను కాపాడుట

చూడి చేప పొట్ట ఉబ్బి, దాని వెనుకభాగమున నల్లని మచ్చ నానాటికి పెద్దదగును. పొట్ట చతురముగా కనిపించినపుడు ఈత దగ్గరపడినదని తెలియవలెను. గప్పీకి తన పిల్లలను తానే తిను స్వభావము కలదు. కనుక చూడి చేపను నాచు దట్టముగా వేసిన వేరొక పాత్రలో నుంచి, ఈనిన వెంటనే తల్లిని తీసివేయవలెను. వేరు పాత్ర లేనిచో, తొట్టిలో ఒకవైపు నాచును దట్టముగా పెరగనిచ్చినను కొన్ని పిల్లలు దాగి బ్రతుకును.

పిల్లలకు మేతపొడిని పలుచని గుడ్డతో జల్లించి దినమునకు మూడు నాలుగు మార్లు బహుకొద్దిగా వేయవలెను. నెల దాటిన పిదప వానిని పెద్దవానితో కలుపవచ్చును. నాలుగు తల్లులు, ఈతకు 20 పిల్లల చొప్పున, అందు సగము బ్రతికినను నెలకు 40 చేపలు చేతికి వచ్చును. ఏడాదికొకసారి వేరొక చోటినుండి కొన్ని మగచేపలను తెచ్చి కలుపుచుండిన సంతతి బలహీనము కాకుండును.

సిమెంటు తొట్టి

గాజు తొట్టిలో రెండు మూడు ఈతలు చక్కగా సాగిన పిదపనే పెద్ద తొట్టి ఆలోచన చేయవలెను. 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు గల తొట్టిలో ముప్పాతిక మీటరు లోతున నీరుంచినచో 4,500 లీటర్లగును. ఒక గ్రామమునకు ఇది చాలును. కొత్త సిమెంటునుండి సున్నము ఊరి నీటిని ఘాటుగా మార్చును. కనుక నీరు నింపి, కొన్నిదినములుంచి, పారబోసి, ఇట్లు మూడు నాలుగు మార్లు చేసిన తరువాతనే నీరు తోడుకొను పని ఆరంభింపవలెను. సగము భాగము పైకప్పు నీడలో నుండవలెను. కప్పలు, పక్షులు, పాములు రాకుండ వల కప్పవలెను. చిన్నపిల్లలు పడకుండుటకును అది రక్ష.

తొట్టి ఎచట కట్టవలెనన్నది ముఖ్యము. వరదనీరు చేరు పల్లమునగాని, కాలువ గట్టునగాని కట్టరాదు. పొర్లిన నీరు వాగునకుగాని చెరువునకుగాని పోకుండ ఇంకుడు గుంతకు మళ్లింపవలెను. దీనికి కారణము క్రింద వివరింతుము.

ఎచట విడువవచ్చును? ఎచట విడువరాదు?

నలువైపుల గోడలుండి, ఇతర జలాశయములతో సంబంధము లేని నీటిలో మాత్రమే గప్పీని విడువవలెను. వాడుకలేని బావులు, పశువుల నీళ్ల తొట్లు, తోటలలోని సిమెంటు తొట్లు, నీరు తీసివేయ వీలులేని నిర్మాణపు గుంటలు ఇట్టివి. విడుచుటకుముందు ఆ నీటిలో ఇటీవల ఏ మందైన చల్లిరేమో ఆరోగ్య సిబ్బందిని అడుగవలెను. అంచుల గడ్డిని తీసివేయవలెను. గడ్డి నడుమ దాగిన దోమపిల్లను చేప పట్టజాలదు.

చెరువులు, కుంటలు, వాగులు, కాలువలు, వరిచేలలో గప్పీనిగాని గంబూసియానుగాని విడువరాదు. ఇవి దోమపిల్లలతో తృప్తిపడవు. ఇతర చేపల గ్రుడ్లను, చిన్న పిల్లలను, కప్పపిల్లలను కూడ తినును. గంబూసియాను లోకమున మిక్కిలి హానికరములైన నూరు పరదేశ జీవజాతులలో నొకటిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము పేర్కొన్నది. మన జాతీయ జీవవైవిధ్య సంస్థ గప్పీ, గంబూసియా రెంటిని దురాక్రమణ జాతులుగా గుర్తించినది. ఒక్క చూడి చేప వాగులో పడినను చాలును. మగచేప తోడు లేకయే సంతతి ఆరంభమగును. తరువాత దానిని వెనుకకు తీయుట ఎవరి తరమును కాదు.

మన చెరువులకు మన చేపలే చాలును. పరిగెలు మొదలగు చిన్న చేపలు పలు జాతులు దోమపిల్లలను తినును. తలపై వెండిచుక్క మెరయుచు నీటి ఉపరితలముననే తిరుగు పాంచాక్సు అను చిన్న చేప ఈ పనిలో మిక్కిలి నేర్పరి. అది గ్రుడ్లు పెట్టు జాతి. పెంపకమునకు కొంత ఎక్కువ శ్రమ కావలెను. అయినను చెరువునకు కీడు చేయదు. చెరువు అంచులను శుభ్రముగా నుంచి, విషపు మందులు చేరకుండ చూచినచో ఈ చేపలు కూలి అడుగకుండనే మనకు పని చేయును.

పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, కూలర్లు, పగిలిన కుండలు మొదలగువానికి చేపలతో పనిలేదు. డెంగీ దోమ ఇట్టి కొద్దిపాటి మంచినీటిలోనే పెరుగును. వారమునకొక దినము వానిని బోర్లించి ఎండబెట్టిన చాలును. ఇంటి నీళ్ల తొట్లకు మూతలు వేయవలెను.

పంచాయతీ చేయవలసిన ఏర్పాట్లు

మొదట పంచాయతీ సమావేశమున తీర్మానము చేసి, తొట్టి బాధ్యతను పేరు పెట్టి ఒకరికి అప్పగింపవలెను. అందరిదియు అయిన పని ఎవరిదియు కాకపోవుట లోకమున చూచుచునే యున్నాము. ఆ మనిషి ఊరు విడిచినపుడు మేత వేయుటకు మరియొకరు సిద్ధముగా నుండవలెను. జీవవైవిధ్య చట్టము, 2002 ననుసరించి ప్రతి పంచాయతీయందును జీవవైవిధ్య నిర్వహణ సంఘము ఉండవలసియున్నది. చేపలను ఎచట విడువవలెనన్న నిర్ణయము ఆ సంఘముతోను, ఆరోగ్య, మత్స్య శాఖల సిబ్బందితోను ఆలోచించి చేయవలెను.

ఒక పుస్తకమున చేపలు విడిచిన ప్రతి బావి, తొట్టి వివరములు వ్రాయవలెను. విడుచుటకు ముందు గరిటెడు నీటిలో ఎన్ని దోమపిల్లలున్నవో లెక్కించి, వారము తరువాత అదే గరిటెతో మరల లెక్కింపవలెను. సంఖ్య తగ్గినచో పని సాగుచున్నది. తగ్గనిచో చేపలు చచ్చెనో, గడ్డి అడ్డమైనదో వెదకవలెను. వేసవిలో బావి ఎండినచో చేపలను తొట్టికి తిరిగి తేవలెను.

చేపలు వచ్చినవి గదా యని తక్కిన జాగ్రత్తలు విడువరాదు. దోమతెరలు వాడుట, మురుగు నిలువకుండ చూచుట, జ్వరము వచ్చిన వెంటనే రక్తపరీక్ష చేయించుకొనుట ఎప్పటివలెనే సాగవలెను. వానలకు రెండు నెలల ముందు గాజు తొట్టిలో నీరు పోసినచో, వానలు పడునాటికి తొలి ఈత పిల్లలు చేతికందును. అందుచేత ఈ విషయమును వేసవి ఆరంభములోనే పంచాయతీ సమావేశపు ఎజెండాలో చేర్చవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.